గూళ్ళు మార్కెట్‌కు చేరేదాకా

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు పోయిన నెల ఇంటికొచ్చారు. రిటైరైన మనిషిని పలకరించడానికి వచ్చారు కాబోలనుకుని ఉగ్గాని చేసి పెట్టాను. తిన్నాక అసలు సంగతి బయటపెట్టారు. "మేడం, ఉద్యోగం చేస్తా, బ్లాగు రాస్తా, పేజీ నడుపుతా, ఇల్లు చూసుకుంటా, అన్నీ ఎట్ల బ్యాలెన్స్ చేస్తాంటిరి?"

పక్క గదిలో పేపరు చదువుతున్న మా ఆయన దగ్గాడు. ఆయనకు దగ్గు లేదు.

ఆ పూట వాళ్ళకేదో సర్దిచెప్పి పంపించాను. పంపించినప్పటినుంచి మనసులో పీకుతూనే ఉంది. వాళ్ళకు చెప్పవలసింది నిజానికి ఒక పంట కథ. కొంచెం పొడుగు. బ్లాగు రాసిన చెయ్యి, పొట్టిగా చెప్పడం నాకు రాదు.

నా ఉద్యోగం పట్టుపురుగులు పెంచే రైతుల షెడ్లకు తిరిగి సలహాలు చెప్పడం. ఇల్లు హిందూపురంలో, ఆఫీసు పెనుకొండలో. మాది అంగడి కుటుంబం. పప్పులూ బెల్లమూ అమ్ముకునే ఇంటి కోడలు పొద్దస్తమానం పురుగుల్ని చేత్తో ఎత్తి చూస్తుందంటే మా బంధువులకు చాలాకాలం మింగుడు పడలేదు. సాయంత్రం ఇంటికి రాగానే తలకు పోసుకుంటే తప్ప నన్ను వంటింట్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. పెళ్ళిళ్ళలో వెనకనుంచి "పురుగులమ్మ వచ్చింది" అనేవాళ్ళు. పురుగులమ్మ కట్టుకున్న చీర ఏ పురుగు పుణ్యమో వాళ్ళకు తెలియక కాదు.

బ్లాగు మొదలుపెట్టింది కోపంతో. ఏ ఊరికి పోయినా అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పి గొంతు పోయేది. రాసిపెడితే రైతుల పిల్లలు చదివి వినిపిస్తారు కదా అనుకున్నాను. ప్రతి ఆదివారం వంట ముగించి, వంటింటి బల్ల మీదే కంప్యూటర్ పెట్టుకుని ఒక పంట గురించి రాసేదాన్ని. ఎవరి షెడ్డు, ఆకు ఎట్లా ఉంది, ఏం పోయింది, ఏం మిగిలింది. ఒక నియమం పెట్టుకున్నాను. పురుగులు కట్టిన పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్‌కు చేరి అమ్ముడయ్యేదాకా ఆ పంట గురించి ఒక్క అక్షరం రాయకూడదు. పట్టుపురుగు ఆఖరు దాకా వచ్చి మోసం చేసే జీవి. ఈ రోజు బొద్దుగా కనిపించింది రేపు నల్లబడి వేలాడుతుంది. పంట చేతికి రాకముందే మెచ్చుకుని రాస్తే, రేపు ఆ రైతు ముఖం ఎట్లా చూసేది?

చదివేవాళ్ళు తక్కువే. నాకదే సుఖంగా ఉండేది.

తర్వాత మాకొక పై అధికారి బదిలీ మీద వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఊరికే కూర్చోలేని మనిషి. నా బ్లాగు చూసి, "ఇంత పొడుగు ఎవరు చదువుతారమ్మా? పేజీ పెడదాం. రోజుకొక పోస్టు. రైతు ఫొటో, ఊరి పేరు తప్పకుండా ఉండాలి" అన్నాడు. పేజీ నా ఫోన్‌లో పెట్టారు. అది ఉద్యోగంలో భాగమైపోయింది.

నాకు ఇష్టం లేదని చెబితే అబద్ధం. మొదటి వారంలోనే రుచి తగిలింది. ఫొటో పెట్టిన కాసేపటికే చప్పట్లు, దండాలు, "సూపర్ మేడం" అనే మాటలు. బ్లాగులో ఏళ్ళ తరబడి రాసినా ఎవరూ సూపర్ అనలేదు. పులుసు పొయ్యి మీద ఉంటే ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ఫోన్. మా ఆయన కంచం ముందు కూర్చుని, "ఏమ్మే, ఈ పులుసు ఎంతమందికి నచ్చిందో చూసి చెప్పు, తినాల్నో వద్దో నేనూ ఆలోచన చేసుకుంటా" అనేవాడు. ఆదివారం బ్లాగు మెల్లగా సోమవారానికి జరిగింది, తర్వాత నెలకొకటైంది, తర్వాత ఆగిపోయింది.

ఒకరోజు పొద్దున హిందూపురంలో రైలెక్కి, కామెంట్లకు జవాబులిస్తూ కూర్చున్నాను. తలెత్తి చూస్తే పెనుకొండ ఎప్పుడో దాటిపోయింది. ధర్మవరంలో దిగాను. తిరుగు బండికి చాలా టైముంది. ప్లాట్‌ఫారం మీద కూర్చుని నవ్వొస్తుందని ఆ సంగతి కూడా పేజీలో పెట్టాను. కాసేపటికే ఫోన్ మోగింది. ధర్మవరంలో పట్టుచీరల అంగడాయన. మా పేజీ రోజూ చూస్తాడట, అందులో ఉన్న నా నంబరుకు చేశాడు.

"మేడం, మా ఊర్లో దిగి స్టేషన్లో కూర్చుంటే ఎట్ల? అంగట్లోకి రాండి, కాఫీ తాగి పోదురు."

పోయాను. ఆయన రోజూ మధ్యాహ్నం అంగట్లో కూర్చుని ఫోన్‌లో లైవ్ పెట్టి చీరలమ్ముతాడు. ఒక్కో చీర విప్పుతూ, చూసేవాళ్ళు పంపే కామెంట్లు ప్రతి ఒక్కటీ పైకి చదువుతూ, పేరుపేరునా పలకరిస్తూ భలే మాట్లాడాడు. అయ్యాక నాతో, "పురుగు కాడ నుంచి చీర దాకా చూపిస్తే జనం యాడికీ పోరు మేడం. ఒకసారి మీ షెడ్డుకాడ లైవ్ పెడదాం" అన్నాడు. చూద్దాంలెమ్మని వచ్చేశాను. ఆ మాట అక్కడితో ఆగలేదు.

ఇక ఆ అమ్మాయి సంగతి చెప్పాలి.

పెనుకొండ నుంచి కొత్తచెరువు పోయే దారిలో లోపలికున్న పల్లె. మొగుడు బెంగుళూరులో టెంపో నడుపుతాడు, తనూ అక్కడే గార్మెంట్సులో కుట్టేది. మొగుణ్ణి పెంచిన అవ్వ కాలుజారి పడితే చూసుకోవడానికి వచ్చి, ఇక్కడే నిలబడాలని పట్టుబట్టింది. బోరు కింద మల్బరీ పెట్టింది, షెడ్డు వేసింది. మొదటి రెండు పంటలూ పాలరోగంతో పోయాయి. ఆ రోగమొస్తే పురుగు ఉబ్బి, ముట్టుకుంటే పాలలాంటి నీరు కారుతుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి పాకి షెడ్డంతా ఊడ్చేస్తుంది. మనుషుల చేతులతో, చెప్పులతో ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు పోతుంది.

మూడో పంటకు పిల్ల పురుగుల్ని తెచ్చి తట్టల్లోకి దించినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆ అమ్మాయి పని చేసుకుంటూనే చెప్పింది.

"ఇదే కడసారి మేడం. గూళ్ళొస్తే ఆయన బండి ఇడిసిపెట్టి ఈడికొస్తానన్నాడు. రాకుంటే నేనే మళ్ళా గార్మెంట్సుకు పోవాల. గొర్లు కట్టేసుకోను గొర్లోళ్ళు షెడ్డు అడిగిపెట్టుకోనుండారు."

"అవ్వ?"

"అవ్వ రాదు బెంగుళూరికి. అదే కదా."

ఆమె మొహంలో ఏడుపేమీ లేదు. బెంగుళూరు బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

ఆ ఇంట్లో పద్ధతి చాలా గట్టిది. పురుగులు దించిన రోజే అవ్వ షెడ్డు వాకిలికి వేపమండ కడుతుంది. మండ ఉన్నన్నాళ్ళూ బయటి మనిషి లోపలికి రాకూడదు. చుట్టాలొస్తే వీధి అరుగు మీదే మాటలు. షెడ్డు దగ్గర అగరొత్తి వెలిగించరు, తిరగమోత వేయరు. గడప ముందు సున్నం, పక్కన బ్లీచింగ్ నీళ్ళు. నేను కూడా కాళ్ళూ చేతులూ ఆ నీళ్ళలో కడుక్కుని, వాకిలి తెర బయటే నిలబడి చూసేదాన్ని.

మూడో జ్వరం దాటాక ఒకరోజు పోయాను. జ్వరమంటే మామూలు జ్వరం కాదు. పట్టుపురుగు పెద్దదయ్యేలోపు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. దాన్ని మా రైతులు జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగు ఆకు ముట్టదు, తల పైకెత్తి అట్లాగే ఉంటుంది. కొత్త చర్మం పచ్చిగా ఉండే ఆ పూట రోగమేదైనా తొందరగా అంటుకుంటుంది. అది దాటిందంటే ఆకలే ఆకలి. ఆ రోజు షెడ్డులో పురుగులన్నీ ఒక్కసారిగా ఆకు నములుతుంటే రేకుల మీద చినుకులు పడుతున్నట్టు చప్పుడు. తెరకు ఫోన్ ఆనించి ఆ చప్పుడు రికార్డు చేశాను. ఆ అమ్మాయిని అడిగే చేశాను. "చప్పుడే కదా మేడం, తీసుకోండి" అంది.

ఆ సాయంత్రం పెట్టాల్సిన పోస్టుకు వేరే సరుకేమీ లేదు. అదే పెట్టాను. ఊరి పేరుతో సహా, ఆర్డరు ప్రకారం.

నా నియమం గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. అది బ్లాగు నియమం కదా, పేజీకి వర్తించదులే అనుకున్నాను. నాలాంటి వాళ్ళకు ఇట్లాంటి తెలివితేటలు సమయానికి భలే అందుతాయి.

ఆ వీడియో ఎక్కడెక్కడికో పోయింది. ఎన్నడూ పురుగును చూడనివాళ్ళు కూడా కళ్ళు మూసుకుని విన్నామని రాశారు. మా అధికారి ఆనందం చెప్పనలవి కాదు. రెండో రోజే ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడం, ఎవరో బండ్లేసుకుని వస్తాండారు. చప్పుడు ఇనాలంట. ఒగాయన ఆయన షెడ్డులో ఆకేసి, చేతులు గూడా కడుక్కోకుండా నేరుగా వచ్చినాడు. అవ్వ కట్టె తీసుకోని అరుగు మీద కూర్చోనుండాది."

వీడియో చూసేవాళ్ళలో సగంమంది పట్టురైతులే. రైతు షెడ్డు చూడాలని రైతుకే ఎక్కువ ఉబలాటం. వచ్చేవాడు తన షెడ్డులోంచే లేచి వస్తాడు. ఇది నాకు తట్టకపోతే ఇంకెవరికి తట్టాలి? వెంటనే వీడియో తీసేశాను. తీసేస్తే ఏముంది, జనం అప్పటికే గ్రూపుల్లో పంచేసుకున్నారు.

అదే రోజు మా అధికారి పిలిచాడు. ధర్మవరం చీరల ఆయన నేరుగా ఆయనతోనే మాట్లాడాడట. "ఆదివారం పొద్దున లైవ్ పెడుతున్నామమ్మా. నేనూ వస్తున్నా. షెడ్డు లోపలనుంచి, పురుగులు చేత్తో పట్టుకుని. మన పేజీలోనే."

"సార్, ఆదివారానికి నాలుగో జ్వరంలో ఉంటాయి. ఎవరూ పోకూడదు."

"ఐదు నిమిషాలమ్మా. కాళ్ళు కడుక్కునే పోదాం."

ఇంకా ఏదో అనబోయాను. ఫోన్ మోగింది, ఆయన ఎత్తుకున్నాడు.

శనివారం ఆ అమ్మాయికి ఫోన్‌లో చెప్పాను. "మేడం, సారును వాకిట్లో నుంచి పంపించేస్తే రేపు మాకు మందులిస్తారా? పురుగు గుడ్లిస్తారా? పోనీలే అని రానిస్తే పురుగు పోతాది. నేనేం చేసేది?" అంది.

"నువ్వేం చెయ్యొద్దు. రేపు పొద్దున సున్నం చల్లి, షెడ్డుకు తాళమేసి చెవి నా చేతికియ్యి. అడిగితే మేడం తీసుకుందని చెప్పు." జ్వరంలో ఆకు వేసే పని ఉండదు కాబట్టి తాళం వేసినా పురుగుకు నష్టం లేదు.

"మిమ్మల్ని ఏమన్నా అంటారు మేడం."

"నన్ను అనేవాళ్ళు ఇంట్లోనే ఉండారులే."

మాట బాగానే అన్నాను గానీ భయమేసింది. ఇంకో రెండేళ్ళు సర్వీసుంది. ఆ వయసులో ఏ మడకశిర అవతలికో వేస్తే రోజూ తిరిగే ఓపిక లేదు. మా ఆయనకు చెప్పాను. ఆయన ఆదివారం అంగడి మూసి నన్ను బండి మీద తీసుకుపోతానన్నాడు. నాకు ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఆయన ఒక్క షెడ్డు చూడలేదు, చూడాలని అడగలేదు.

"బస్సు దొరకదు కదా ఆదివారం" అన్నాడు, ఇంకేమీ లేదన్నట్టు.

మేం పోయేసరికి ఆ అమ్మాయి సున్నం చల్లి తాళం వేసి ఉంచింది. చెవి నా చేతిలో పెట్టింది. కొంగున ముడి వేసుకున్నాను. షెడ్డు లోపల చప్పుడే లేదు. అన్ని పురుగులు లోపల ఉన్నాయంటే ఎవరూ నమ్మరు. అవ్వ అరుగు మీద కట్టె పక్కన పెట్టుకుని కూర్చుని మా ఆయన్ను కింది నుంచి పైకి చూసింది.

"నీకూ పురుగులుండాయా అబ్బా?"

"లేవవ్వా. నాకు చింతపండు అంగడి."

"అయితే కూర్చో" అంది.

కాసేపటికి రెండు కార్లు వచ్చాయి. మా అధికారి, చీరల ఆయన, ఇంకో అయిదారుగురు. ఊళ్ళో పిల్లలు, పెద్దలు చుట్టూ చేరారు. అధికారి నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, పేజీ తెరిచి, లైవ్ మొదలుపెట్టి, నవ్వుతూ నాలుగు మాటలు మాట్లాడి షెడ్డు వైపు నడిచాడు. తాళం కనిపించింది. ఫోన్‌ను కొంచెం పక్కకు తిప్పి గొంతు తగ్గించి, "తాళమేంటమ్మా?" అన్నాడు.

"చెవి నా దగ్గరుంది సార్."

"తియ్యండి మరి."

"తియ్యను సార్. జ్వరంలో ఉన్నాయి. వాకిట్లో నిలబడి ఎంతసేపైనా చెప్తాను. లోపలికి మాత్రం ఎవరూ వద్దు. నేనూ పోను."

ఆయన మొహంలో నవ్వు అట్లాగే ఉంది, లైవ్ నడుస్తోంది కదా. కళ్ళు మాత్రం నవ్వడం లేదు. "సోమవారం ఆఫీసులో మాట్లాడదాం" అన్నాడు మెల్లగా. ఆ అమ్మాయి చేతులు నలుపుకుంటోంది. నా నోరు ఎండిపోయింది. ఇంకొక్కసారి గట్టిగా అడిగితే ఇచ్చేస్తానేమోనని నాకే అనుమానంగా ఉంది.

అడగలేదు. ఫోన్ మళ్ళీ ముందుకు తిప్పి, టైము గడపడానికి కామెంట్లు చదవడం మొదలుపెట్టాడు. "సూపర్ సార్ అంటున్నారు, ధన్యవాదాలు. చిలమత్తూరు నుంచి హాయ్ చెబుతున్నారు, హాయ్. తలుపు తీయండి సార్ అంటున్నారు, తీస్తాం తీస్తాం. సార్, నిన్న మీరు మా షెడ్డుకొచ్చి పురుగులు చేత్తో..."

ఆపేశాడు.

చీరల ఆయన పక్కనే నిలబడి ఫోన్‌లోకి చూస్తున్నాడు. లైవ్‌లో వచ్చిన ప్రతి మాటా పైకి చదవడం ఆయనకు వ్యాపారంలో పట్టుబడిన అలవాటు. మిగిలింది ఆయన అందుకున్నాడు.

"...చేత్తో పట్టుకుంటిరి కదా. ఈ పొద్దు తెల్లారి చూస్తే పాలు కారతాండాయి. మీరు ఆ షెడ్డులోకి పోవద్దండి సార్. పాపం ఆయమ్మ పంట గూడా పోతాది."

చదివేశాక ఏం చదివాడో అర్థమై నాలుక కరుచుకున్నాడు.

అధికారి ముందురోజు గుడిబండ వైపు ఒక షెడ్డుకు పోయాడు. పురుగుల తట్ట రెండు చేతులా పట్టుకుని దిగిన ఫొటో శనివారం సాయంత్రం నేనే పేజీలో పెట్టాను. చూసినవాళ్ళందరికీ ఆ ఫొటో తెలుసు. ఆయన ఫోన్ పట్టుకున్న తన చేతులకేసి చూసుకున్నాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు జాలి కలిగింది, నిజంగా. ఆయనకు కీడు చేద్దామనే ఆలోచన లేదు, ఆ షెడ్డులో రోగం నిన్నటికి ఎవరికీ కనిపించలేదు కూడా.

అవ్వకు సరిగా వినపడలేదు. "ఏమంటాండారు?" అని అడిగింది. ఆ అమ్మాయి చెవి దగ్గర చెప్పింది. అవ్వ కట్టె మీద చెయ్యి వేసింది గానీ ఎత్తలేదు. "సారుకు మజ్జిగియ్యి. ఆడనే, అరుగు కాడ. అట్నుంచి అట్లే పొమ్మను" అంది.

ఆయన ఫోన్‌లోకి చూసి "ఈ రోజుకు ఇంతే" అని కట్టేశాడు. మజ్జిగ తాగాడు. పోయేటప్పుడు ఆ అమ్మాయి దగ్గరికి పోబోయి, ఆగి, దూరం నుంచే, "బాగా చూసుకోమ్మా పంట" అన్నాడు. చీరల ఆయన కారెక్కుతూ నన్ను చూసి చెవులు పట్టుకున్నాడు.

తాళంచెవి ఆ అమ్మాయికి తిరిగిచ్చేశాను. తిరుగుదారిలో పెనుకొండ కొండ కనిపించాక మా ఆయన, "నువ్వు తియ్యను అన్నప్పుడు నాకు భయమేసింది" అన్నాడు. నాకూ వేసిందన్నాను. మా పెళ్ళయ్యాక ఉద్యోగం గురించి మేమిద్దరం అంత సూటిగా మాట్లాడుకున్నది అప్పుడే.

సోమవారం ఆఫీసులో పెద్ద గొడవేమీ జరగలేదు. పేజీ ఇంకెవరికో అప్పజెప్పమన్నాడు. "మీరు మీ బ్లాగు చూసుకోండమ్మా" అన్నాడు. శిక్ష వేసినట్టే అన్నాడు. నేను తల వంచుకుని సరే సార్ అన్నాను. ఆ తర్వాత ఆయన ఏ షెడ్డుకు పోయినా ముందు బ్లీచింగ్ నీళ్ళు అడిగేవాడని విన్నాను. బదిలీ కూడా చెయ్యలేదు.

అసలు భయం మిగిలే ఉంది. చప్పుడు కోసం వచ్చినవాళ్ళు తెర దాకా వచ్చి పోయారు. రోగం అంటుకుని ఉంటే అప్పుడే తెలియదు. కొన్ని రోజులు పడుతుంది. నేను పోయి చూడటానికి లేదు, రోజూ పది షెడ్లు తిరిగేదాన్ని, రోగం నాతోనే పోవచ్చు. ఆ పంట నా వల్ల పోతుందేమోనని అన్నం సహించలేదు. రోజూ పొద్దున ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఒక్క మాట అడిగేదాన్ని. ఆమె ఒక్క మాటే చెప్పేది.

"తింటాండాయి మేడం."

ఒకరోజు మాత్రం, "నాలుగైదు ఉబ్బినాయి మేడం, ఏరి కాల్చేసినా" అంది. ఆ రోజు పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఈసారి ఫోన్ వల్ల కాదు. మా ఆయన మాట్లాడకుండా తినేశాడు.

మరుసటి రోజు ఉబ్బలేదు. ఆ మరుసటి రోజూ లేదు. తర్వాత ఒక పొద్దున తనే ఫోన్ చేసింది. "పండుకొచ్చినాయి మేడం. చంద్రికలకు ఎక్కిస్తాండాం." పురుగు పండిందంటే తిండి మానేసి గూడు కట్టడానికి సిద్ధమైందని. చంద్రిక అంటే అది గూడు కట్టుకునే తట్ట. ఫోన్ పెట్టేసి మా అంగట్లో బెల్లం గడ్డ ఒకటి నోట్లో వేసుకున్నాను.

గూళ్ళు హిందూపురం మార్కెట్‌కు వచ్చిన రోజు నేనూ పోయాను. తెల్లగా, గట్టిగా, చేతిలో పోసుకుంటే గలగలమనే గూళ్ళు. వేలంలో పాడుకునేవాళ్ళు ఒకటికి రెండుసార్లు చేతిలోకి తీసుకుని ఊపి చూశారు. ఆ అమ్మాయి పక్కన నిలబడి అందరి మొహాలూ చూస్తోంది. అమ్ముడైపోయాక నా దగ్గరికొచ్చింది.

"మేడం, ఇంక రాసుకోండి" అంది.

నా నియమం ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. బ్లాగు మొదట్నించీ చదివిందట, గార్మెంట్సులో ఉన్నప్పటినుంచి. అది చదివే మల్బరీ పెట్టాలనుకుందట. నేను మాట మార్చాను.

"మీ ఆయనకు చెప్పినావా?"

"చెప్పినా మేడం. నమ్మలే. గూళ్ళ ఫొటో పంపిస్తే, ఫోన్లో ఎవురి గూళ్ళైనా పెట్టచ్చు, ఆ పేజీలోళ్ళు నిన్ను గూడా ఆటలో కలుపుకున్నారు అంటాడు. రెండు పంటలు పోయినోడు కదా, భయం. బండి ఇడిస్తే మళ్ళా దొరకదని."

అంటే గూళ్ళొచ్చినా అతను రాకపోతే ఆ అమ్మాయి కష్టం సగమే తీరినట్టు. మొగుడు అక్కడ, తనిక్కడ, ఎన్నాళ్ళని?

ఆ ఆదివారం వంటింటి బల్ల తుడుచుకుని కూర్చున్నాను. చాలా నెలల తర్వాత. ఫోన్ మా ఆయన అంగట్లో గల్లాపెట్టె పక్కన పెట్టాడు. ఊరి పేరు రాయలేదు, ఎవరి పేరూ రాయలేదు, ఫొటో పెట్టలేదు. వేపమండ గురించి రాశాను. అరుగు మీద విరిగిన రాయి గురించి, అవ్వ దాని మీదే కూర్చుని మనుషుల్ని కింది నుంచి పైకి ఎట్లా చూస్తుందో రాశాను. ఎవరొచ్చినా ముందు "నీకు పురుగులుండాయా" అని అడగడం, లేవంటే కూర్చోమనడం రాశాను. నాలుగైదు పురుగులు ఉబ్బిన రోజు ఆ అమ్మాయి గొంతు ఎట్లా ఉందో రాశాను. తాళం సంగతి కూడా రాశాను, నా నోరు ఎండిపోయిందని. వంట టైము దాటింది. ఆ పూట ఉప్మా మా ఆయనే చేశాడు, గడ్డలు గడ్డలుగా.

మామూలే, ఎవరూ సూపర్ అనలేదు. రెండు వారాలు ఏ సద్దూ లేదు. నా బ్లాగులో ఎవరైనా కామెంటు రాస్తే ముందు నాకొస్తుంది. నేను ఒప్పుకుని వదిలితేనే పైకి కనిపిస్తుంది. మూడో వారం పొద్దున రైల్లో చూస్తే ఒకటి వచ్చి ఉంది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో.

"మేడం, ఇది మా షెడ్డే. ఆ రాయి నేను చిన్నప్పుడు పగలగొట్టింది. అవ్వ మాట అచ్చం అట్లే ఉండాది. ఓనరుకు బండి అప్పజెప్తాండా, వచ్చే వారం ఊరికి పోతా. మా ఇంట్లోదానికి ఇప్పుడే తెలీకూడదు, నేనే పోయి చెప్తా."

ఆ రోజూ పెనుకొండ దాటిపోబోయింది. ఈసారి చూసుకుని దిగాను.

అతను వెళ్ళాడు. ఇప్పుడు ఆకు కోసేది అతనే, షెడ్డులో ఆ అమ్మాయి. గొర్లోళ్ళు వేరే చోటు చూసుకున్నారు. పోయిన ఏడు కూడా వేపమండ అవ్వే కట్టింది. ఇంక దాచాల్సిన పని లేదు, అయినా ఆ కామెంటు పైకి వదలమని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ వదల్లేదు. మా ఆయనకు ఒక్కడికే చదివి వినిపించాను. ఇప్పటికీ అది నా బ్లాగులో లోపలే ఉంది, ఒప్పుకోవాలా వద్దా అని పక్కనే రెండు బొత్తాలతో. అప్పుడప్పుడు తెరిచి చదువుకుని, ఏదీ నొక్కకుండా మూసేసి, పొయ్యి మీద ఏముందో చూడటానికి లేస్తాను.